భిలాయిలో సింహాచలం గారి రిలీవర్

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి వెళ్లొచ్చానని చెబితే మా విజయవాడలో అందరూ ఒకే ప్రశ్న వేశారు: అక్కడ చూడ్డానికి ఏముంది? నేను చూడ్డానికి వెళ్లింది ఊరిని కాదు, ఒక మనిషిని. తొమ్మిదేళ్లుగా నాతో కలిసి పనిచేస్తున్న మనిషి. ఆయన ముఖం ఎలా ఉంటుందో కూడా అప్పటికి నాకు తెలియదు.

నేను "తప్పొప్పులు" అనే సాఫ్ట్‌వేర్ నడుపుతున్నాను. కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో తెలుగు టైపు చేస్తుంటే తప్పు మాట కింద ఎర్రగీత గీసి, ఒప్పు మాట సూచించడం దాని పని. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా లోపలికి తొంగిచూసి బాగుచేయవచ్చు. ఈ "ఎవరైనా" అన్న మాట వినడానికి మహా విశాలంగా ఉంటుంది గానీ పని దగ్గరికి వచ్చేసరికి మేం తేలింది ముగ్గురం. ఒకరు నేను. రెండో అబ్బాయికి పెళ్లయింది, అప్పటి నుంచి శుభాకాంక్షలు తప్ప ఇంకేమీ పంపడు. మూడో ఆయన భిలాయి సింహాచలం గారు.

సింహాచలం గారి పని ప్యాకేజీ కట్టడం. వంట మేం చేస్తాం, వండిన ప్రతి కొత్త కూర్పునూ రిలీజ్ అంటాం. ఏ ఇంటి క్యారియర్‌లో ఏ గిన్నె పడుతుందో చూసి సర్ది, మూత బిగించి, పైన తన సంతకం పెట్టి పంపేది ఆయన. ఆ సంతకం లేకపోతే లినక్స్ అనే ఉచిత వ్యవస్థతో నడిచే బడి కంప్యూటర్లకు మా వంట చేరదు. ఏడు నెలలుగా ఆయన నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఈలోగా ఒత్తులు అక్షరాల కింద నిలవకుండా చెదిరిపోయే పెద్ద లోపం ఒకటి బయటపడింది. దానికి మందు రాసి పంపాను. ఆయన కట్టలేదు. చివరికి ఆ లినక్స్ పంపిణీ చూసేవాళ్లు మర్యాదగా ఒక నోటీసు పంపారు. పది రోజుల్లో ప్యాకేజీ బాధ్యుడు జవాబివ్వకపోతే "తప్పొప్పులు"ను తమ జాబితాలోంచి తీసేస్తారట.

జీతమే లేనివాడికి జీతం ఆపలేం, ఉద్యోగమే లేనివాణ్ణి ఉద్యోగంలోంచి తీసేయలేం. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ల మీద పెత్తనం చేసేవాళ్ల చేతిలో ఉండేది ఒక్క బతిమాలడమే. అది ఎదురుగా కూర్చుని చేస్తే బాగుంటుందని బయల్దేరాను. ఆయన ఫోన్ నంబరు నా దగ్గర లేదు. ఒకసారి వాలంటీర్లందరికీ టీ షర్టులు పంపినప్పుడు తీసుకున్న చిరునామా మాత్రం ఉంది. అందరికీ అంటే ఇద్దరికి.

దుర్గ్‌లో దిగి

భిలాయి పక్కనే ఉన్న దుర్గ్ స్టేషన్ బయట పొద్దున్నే పోహా అనే అటుకుల ఉప్మా, జిలేబీ ఒకే ప్లేటులో పెట్టి ఇస్తారు. పాతిక రూపాయలు. మా ఇంట్లో అటుకులు గుర్తొచ్చేది రవ్వ అయిపోయిన రోజునే. ఇక్కడ వాటి మీద సేవ్ అనే సన్న కారప్పూస చల్లి, నిమ్మకాయ పిండి, పక్కన పాకం కారే జిలేబీ పెట్టి రాజోపచారం చేస్తారు. కారం, తీపి కలిపి తినడం నాకు చేతకాలేదు. ఒకటి అయ్యాక ఒకటి తింటుంటే పక్కనున్న పెద్దమనిషి నన్ను జాలిగా చూశాడు.

ఆటో అతనితో హిందీలో మొదలుపెట్టాను. రెండు వాక్యాలు ఓపికపట్టి విన్నాడు.

"తెలుగులోనే సెప్పండమ్మా. మాది బొబ్బిలి దగ్గిర. మా తాతప్పుడు ఒచ్చినాం."

సెక్టర్ 6లో సింహాచలం గారి ఇంటికని చెప్పాను.

"ఆయనది ఏ షాపు?"

"షాపు కాదండీ, ఆయన సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు కడతారు."

"ప్యాకింగ్ షాపా? ఎక్కడ, మార్కెట్‌లోనా?"

అలా ఆటో అతను నన్ను తిన్నగా మార్కెట్‌కు తీసుకెళ్లి, అట్టపెట్టెలు అమ్మే కొట్టు ముందు దింపాడు. కొట్టతను నన్ను చూసి ఎన్ని డబ్బాలు కావాలని అడిగాడు. భిలాయిలో షాపు అంటే స్టీల్ ప్లాంటులో మనిషి పనిచేసిన విభాగమని నాకు తర్వాత తెలిసింది. మన దగ్గర ఇంటిపేరు అడుగుతారు, ఇక్కడ షాపు అడుగుతారు. అది చెబితే మనిషి మొత్తం తెలిసిపోయినట్టే.

సెక్టర్ 6

వరుసగా ఒకే అచ్చులో పోసినట్టున్న కంపెనీ క్వార్టర్లు. గేటు దగ్గర జామచెట్టు, కిటికీకి కూలరు, గోడకు చేరవేసిన సైకిలు. తలుపు తీసినావిడ రమణమ్మ గారు, సింహాచలం గారి భార్య. నేను పేరు చెప్పగానే ఆవిడ ముఖం మారింది.

"రిలీజుల మేడం గారా?" అంది, లోపలికి రమ్మని గానీ వద్దని గానీ అనకుండా.

వెనక నుంచి సింహాచలం గారు వచ్చారు. సన్నటి మనిషి, రోలింగ్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. నాకు నమస్కారం పెట్టి, నా భుజం మీదుగా వీధిలోకి చూశారు. గేటు దాకా వెళ్లి అటూ ఇటూ చూసి వచ్చారు.

"మీరొక్కరే ఒచ్చినారా అమ్మా? రిలీవర్ ఏడీ?"

నాకు ఏమీ అర్థం కాలేదు. ఆయన నన్ను ముందుగదిలో కూర్చోబెట్టారు. మూల బల్ల మీద కంప్యూటర్ ఉంది. దాని మీద దుమ్ము పడకుండా నేను పంపిన టీ షర్టు కప్పి ఉంది. కొలత తప్పు పంపానట. దాని పక్కన పొడుగాటి అట్ట పుస్తకం ఒకటి. ప్లాంటులో షిఫ్టు మారేటప్పుడు రాసే పుస్తకం లాంటిది ఆయన ఇంట్లో కూడా పెట్టుకున్నారు. మా ప్యాకేజీ కోసం. తొమ్మిదేళ్లుగా ప్రతి పూటా ఒక్కో వాక్యం: "అంతా నార్మల్." నడుమ నడుమ ఎరుపు సిరాతో రాసినవి మూడు కనబడ్డాయి. మూడూ ఒకటే మాట.

"రిలీవ్ కావాలని మేడం గారికి రాయడమైనది. జవాబుగా కొత్త రిలీజ్ వచ్చినది. డబుల్ డ్యూటీ."

అప్పుడు అర్థమైంది. ఆయన ఉత్తరాలు నాకు బాగా గుర్తున్నాయి. "మేడం, రిలీవ్ ఎప్పుడు ఇస్తారు?" అని మొదటిది. ఆ మాట కింద మా "తప్పొప్పులు" ఠంచనుగా ఎర్రగీత గీసి, "రిలీజ్" అని సూచించింది. నా సాఫ్ట్‌వేర్ చెప్పాక నేను అనుమానిస్తానా? కొత్త రిలీజ్ కోసం ఈయన ఎంత తహతహలాడుతున్నారో అని మురిసిపోయి, మీ ఉత్సాహానికి ధన్యవాదాలని రాసి, రెండు వారాల్లో రిలీజ్ ఇచ్చాను. "రిలీవ్ త్వరగా ఇప్పించగలరు, కళ్లు ఇబ్బందిగా ఉన్నవి" అని రెండోది. అక్షరాలు చిన్నగా ఉన్నాయి కాబోలనుకుని, ఈసారి అక్షరాలు పెద్దవి చేసి మరీ రిలీజ్ ఇచ్చాను. "దయచేసి రిలీవ్" అని మూడోది. దానికైతే అన్నిటికన్నా పెద్ద రిలీజ్ ఇచ్చాను.

నేను ఇదంతా చెబుతుంటే సింహాచలం గారు నవ్వలేదు, కోప్పడలేదు.

"మీకు కోపమొచ్చిందనుకున్నానమ్మా. మా ఇంచార్జి ఒకడుండేవోడు. సెలవడిగితే ఓవర్‌టైం ఏసేవోడు. అలగనుకున్నాను."

"వద్దనుకుంటే మానేయొచ్చు కదండీ. మిమ్మల్ని ఎవరు అడుగుతారు?"

ఆ మాటకు ఆయన నావైపు విచిత్రంగా చూశారు. "షిఫ్టయిపోయిందని ఒచ్చీడానికి లేదమ్మా. తరవాతోడు ఒచ్చి, ఏటున్నాది ఎలగున్నాది అని అడిగి, బుక్కులో సంతకం పెడితేనే మనం గేటు దాటాల. ఆడు రాపోతే డబుల్. రిలీవర్ రాలేదని మిల్లు ఆగదు గదా."

"మరి ఈ ఏడు నెలలు?"

"పోస్టు మీదే ఉన్నాను. మెషిన్ ముట్టలేదు. పోయినసారి కట్టినప్పుడు 'ద'కీ 'ధ'కీ తేడా కనపళ్లేదు. ఒక మాట తప్పు పోయింది. కళ్లు సరిగ్గా లేనోడు మెషిన్ ముట్టకూడదు. అది సేఫ్టీ. అందరి ఉత్తరాలూ సదివించుకుంటన్నాను. జవాబు మాత్రం రాయను. రాస్తే డ్యూటీ ఒప్పుకున్నట్టే."

రమణమ్మ గారు చాయ్ గ్లాసు నా ముందు కొంచెం గట్టిగానే పెట్టింది. "రెండు కళ్లకీ శుక్లాలమ్మా. పోయిన వేసంగిలోనే ఆపరేషన్ అన్నాడు డాక్టరు. అయినాక కొన్నాళ్లు కంపూటర్ సూడకూడదంట. ఈయనేమో రిలీవర్ రాలేదు, రిలీవర్ రాలేదు. ఇంకా జాగు సేస్తే కష్టమని మొన్న డాక్టరు కసిరినాడు కూడా."

నేను నోటీసు సంగతి చెప్పడానికి వెళ్లినదాన్ని. ప్యాకేజీ పోతుందని ఏడు వందల కిలోమీటర్ల పైన వచ్చినదాన్ని. ఒక మనిషి చూపు నా ఎర్రగీత కింద ఏడాదిగా ఆగి ఉందని తెలిసి సిగ్గుతో చచ్చిపోయాను. చాయ్ చల్లారిపోయింది, ఆవిడ మళ్లీ వేడిచేసి ఇచ్చింది.

సెక్టర్ 4

అంత సిగ్గుపడ్డాక కూడా నాకు బుద్ధి రాలేదు. రిలీవర్ కావాలి, అంతే కదా, ఇంకెవరినైనా పట్టుకుందామనుకున్నాను. పెత్తనం అలవాటైనవాళ్లకు పని చేయాలన్న ఆలోచన చివర్న వస్తుంది. సింహాచలం గారి పరిచయంతో మర్నాడు సాయంత్రం సెక్టర్ 4లో ఒక హాలు దొరికింది. తెలుగువాళ్లకు కబురు పెట్టారు. ఏడుగురు వచ్చారు. సమోసాలు మాత్రం ఇరవై మందికి తెప్పించాను.

స్వచ్ఛంద సేవ గురించి అరగంట మాట్లాడాను. నేను బాగా మాట్లాడతాను. అందరూ తలలూపారు. పూజ అని కాలేజీ లెక్చరరు ఒకామె చాలా ఆసక్తిగా వింది. కంప్యూటర్ సైన్సే చెబుతుందట. నాకు ప్రాణం లేచొచ్చింది.

"చేస్తాను దీదీ, పక్కా. కానీ తెలుగు నేను బోల్తాను, పఢ్నా రాదు, చదవలేను. హిందీది ఏదైనా ఉంటే ఇవ్వండి."

రైల్వేలో రిటైరైన ఒకాయన ఈ పనికి హోదా ఏమిటని అడిగారు. హోదా ఏమీ ఉండదన్నాను. అయితే సర్టిఫికెట్టు ఎవరి సంతకంతో వస్తుందని అడిగారు. నా సంతకంతో అన్నాను. ఆయన ఇంకో సమోసా తీసుకున్నారు.

వెనక వరసలో ఒక పెద్దాయన చాలాసేపటి నుంచి ఫోన్‌లో ఏదో టైపు చేసి చూస్తున్నారు. లేచి నిలబడి ఫోన్ నా ముఖం ముందు పెట్టారు. తెర మీద "ఎలగ" అన్న మాట, కింద ఎర్రగీత.

"ఇది తప్పా అమ్మా?"

"తప్పని కాదండీ. మాండలికం. మా జాబితాలో లేదు."

"మా అమ్మ పుట్టినప్పణ్ణించి పోయేదాకా ఈ మాటే మాటాడింది. తప్పే మాటాడినాదా?"

ఫిర్యాదు నమోదు చేయమని చెప్పాను. తొమ్మిదేళ్లుగా అందరికీ చెప్పే జవాబు అదే, నోటికి దానంతటదే వచ్చేసింది. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. చెప్పిన వెంటనే నాకే బాగాలేదు.

చివరికి అందరూ కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టారు. దానికి పేరేం పెట్టాలన్న చర్చకు నా ఉపన్యాసం కన్నా ఎక్కువ సమయం పట్టింది. హాలు తాళం వేసేలోపే మొదటి సందేశం వచ్చింది. గులాబీ పువ్వు, శుభసాయంత్రం.

సింహాచలం గారు బయట మెట్ల మీద నా కోసం కూర్చుని ఉన్నారు. "ఎవులైనా ఒప్పుకున్నారా?"

"ఆలోచిస్తామన్నారు."

ఆయన చాలా మామూలుగా అడిగారు. "మరి మీకు రాదా అమ్మా ఈ పని?"

రాదు. నిజం చెప్పాలంటే నేర్చుకోలేదు. నేర్చుకుంటే చేయాల్సొస్తుందని నేర్చుకోలేదు. ఇది నేను ఎప్పుడూ ఎవరికీ చెప్పని మాట. సెక్టర్ 4 మెట్ల మీద, ఇంకా అరగని సమోసాల సాక్షిగా ఆయనకు చెప్పేశాను.

"రేపు తొమ్మిదింటికి ఒచ్చీయండి," అన్నారాయన. "ఆరింటి ఫస్ట్ షిఫ్టుకి లేటే గానీ, పర్వాలేదు."

మళ్లీ సెక్టర్ 6

ఆ రోజంతా నేను కుర్చీలో, ఆయన వెనక స్టూలు మీద. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు, సాయంత్రం దాకా ఒక్కసారి కూడా కీబోర్డు వైపు చాచలేదు. నేను కట్టిన మొదటి ప్యాకేజీ తెరుచుకోలేదు. రెండోదాంట్లో నిఘంటువు పెట్టడమే మర్చిపోయాను. మూడోదాంట్లో పెట్టాను గానీ పాతది పెట్టాను. తప్పు చేసినప్పుడల్లా ఆయన "సూడండి" అనేవారు. ఏది చూడాలో చెప్పేవారు కాదు. వాలంటీర్లకు నేను రాసే ఉత్తరాల్లో "ఇది చాలా సులభం" అన్న వాక్యం ఒకటి ఉంటుంది. దాన్ని ఇక మీదట రాయకూడదనుకున్నాను.

మధ్యాహ్నం అన్నంలోకి రమణమ్మ గారు ఆవ పెట్టి పనసపొట్టు కూర చేసింది. పక్కన శనగపిండి ముద్దలతో చేసిన పులుసు. ఇక్కడి పొరుగావిడ నేర్పిందట. ఆవిడ ముఖం మొన్నటి కంటే కాస్త మెత్తబడింది. ఇంకొక ముద్ద వేస్తూ, "తొందరగా నేర్సుకోండమ్మా," అంది.

భోజనం అయ్యాక ఆయన నాచేత కంప్యూటర్‌లో ఒక చోటు తెరిపించారు. నేను పంపిన ప్రతి రిలీజ్‌కూ ఆయన చేసిన మరమ్మతులు అక్కడ దాచి ఉన్నాయి. ప్రతిదానికీ ఒక చీటీ రాసి పెట్టారు. "మేడం గారు తొందరలో మరిచినారు, సరిచేయడమైనది." "ఈ ఫైలు రెండుసార్లు వచ్చినది, ఒకటి తీసివేయడమైనది." "రిలీజ్ తేదీ తప్పు, సరిచేయడమైనది." తొమ్మిదేళ్ల నా తప్పులు వరుసగా, తేదీలతో సహా ఉన్నాయి. లోకానికి అవి ఒక్కటీ చేరలేదు. నా పని శుభ్రంగా ఉంటుందని నాకు పేరుంది. ఆ పేరు ఎక్కడ తయారైందో అప్పుడు తెలిసింది.

"ఇవి నాకెందుకు చెప్పలేదండీ?"

"సిన్న రిపేర్లు ఇంచార్జికి సెప్పరమ్మా. సేసేస్తారు."

నేను తెర వైపు తిరిగి నాలుగోసారి మొదలుపెట్టాను.

నాలుగోది నిలిచింది. బాధ్యత చేతులు మారుతోందని ఇద్దరం సంతకాలు చేసి నోటీసు పంపినవాళ్లకు ఉత్తరం రాశాం. చార్జి ఇవ్వడానికి మాత్రం మెషిన్ ముట్టవచ్చట. అక్షరాలకు ముక్కు ఆనించి ఆయన తన సంతకం పెట్టారు. సాయంత్రం ఎండ జామచెట్టు దిగేలోపే జవాబొచ్చింది. ప్యాకేజీ చేరింది, నోటీసు ఉపసంహరించారు.

నేను కుర్చీలోంచి లేవబోయాను. ఆయన ఆపారు.

"అడగండి."

"ఏం అడగాలండీ?"

"రిలీవర్ అడగాల. అడగందే నాను సెప్పకూడదు."

"ఏటున్నాది? ఎలగున్నాది?" అని అడిగాను. మా నిఘంటువు ఒప్పుకోని మాటలు నా నోట్లోంచి రావడం అదే మొదటిసారి. ఆయన ముప్పావుగంట చెప్పారు. ఏ పాత కంప్యూటర్లలో ఏది మొరాయిస్తుందో, ఎవరి ఫిర్యాదు నిజమో, ఎవరిది ఒట్టి సణుగుడో, నేను తొందరపడినప్పుడు ఎక్కడెక్కడ చూసుకోవాలో. తర్వాత పుస్తకం తెరిచి నల్లసిరాతో రాశారు: "రిలీవర్ వచ్చినారు. చార్జి ఇవ్వడమైనది." కింద నేను సంతకం పెట్టాను. కలానికి టోపీ పెట్టాక ఆయనకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒకసారి జేబులో పెట్టుకున్నారు, మళ్లీ తీశారు. రమణమ్మ గారు అప్పటికే ఆసుపత్రికి ఫోన్ కలిపింది.

నందిని

ఆపరేషన్ ఆ వారంలోనే ఖాయమైంది. ఇంట్లో సాయానికి రమణమ్మ గారి చెల్లెల్ని తీసుకురావాలి. ఆవిడ ఉండేది నందినిలో, సున్నపురాయి గనుల కాలనీలో. నాకు తిరుగు రైలు మర్నాడు. మీరూ రండి, గని చూద్దురు గానీ అన్నారు.

దారిలో పల్లెలు, పొలాలు, వాటి మధ్య ఉన్నట్టుండి తెల్లటి దుమ్ము పట్టిన చెట్లు. భిలాయి కొలిమిలోకి వెళ్లే రాయి ఇక్కడిది. చెల్లెలి ఇంట్లో పక్కింటి ఛత్తీస్‌గఢ్ ఆవిడ ఫరా తెచ్చి పెట్టింది. బియ్యప్పిండిని వేళ్లంత పొడుగ్గా చేసి ఆవిరి మీద ఉడికించి, ఆవాలు, నువ్వులు తాలింపు వేస్తారు. మన కుడుములకు దగ్గర చుట్టం. నేను ఐదు తిన్నాను. సింహాచలం గారు ఎనిమిది తిన్నారు. డ్యూటీ దిగాక ఆకలి బాగా వేస్తుందట.

అందరూ గని అంచు దాకా నడిచి వద్దామని లేచారు. సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగింది. ఏదో ఊళ్లో ఒక బడిలో, పాత కంప్యూటర్‌లో, నేను నిన్న కట్టిన ప్యాకేజీ తెరుచుకోవడం లేదట. బాధ్యురాలి పేరు చోట నా పేరుంది. వెంటనే చూడమని రాశారు.

వరండాలో సిమెంటు అరుగు మీద ల్యాప్‌టాప్ తెరిచాను. ఎండకు తెర సరిగ్గా కనిపించడం లేదు. నిన్న ఆయన చెప్పిన ముప్పావుగంటలో ఈ పాత కంప్యూటర్ల సంగతి ఉంది, ఏదో ఒక ఫైలు ముందుగా చూడమన్నారు, ఏ ఫైలో గుర్తు రావడం లేదు. సింహాచలం గారు చెప్పులు వేసుకుని నా పక్క నుంచే వెళ్లారు. ఒక్క మాట సాయం అడుగుదామనుకున్నాను. ఆయన ఒక్కసారి తెర వైపు తిరిగితే చాలుననుకున్నాను. ఆయన తిరగలేదు. ఎండ పడకుండా చేయి అడ్డం పెట్టుకుని దూరంగా గని వైపు చూస్తున్నారు, ఆ కళ్లకు ఎంత కనిపిస్తుందో గానీ చాలా ఇష్టంగా చూస్తున్నారు. నాకు అసూయ వేసింది.

రమణమ్మ గారు వెనక్కి తిరిగి, నన్నూ రమ్మని పిలవబోయింది. ఆయన ఆవిడ చేయి పట్టుకుని ఆపారు.

"మేడం గారు డ్యూటీలో ఉన్నారు. కదపకు."